1/3 పోకర్ క్యాష్ గేమ్‌లో బటన్ మీద రైజ్ చేస్తే ఎవడూ ఫోల్డ్ చెయ్యట్లేదు, మరి లేట్ పొజిషన్ లాభం ఎక్కడుంది?

ఇర్వింగ్_ఇడ్లీ
డాలస్ దగ్గర కార్డ్ రూమ్‌లో 1/3 ఆడుతున్నా (స్మాల్ బ్లైండ్ 1, బిగ్ బ్లైండ్ 3 డాలర్లు, ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన డబ్బు), తొమ్మిది మంది టేబుల్. ఎక్కడ చూసినా బటన్ మీద, అంటే ఫ్లాప్ నుంచి అందరికంటే చివర మాట్లాడే కుర్చీలో, సగం చేతులు ఆడెయ్యొచ్చు, బ్లైండ్స్ లాగెయ్యొచ్చు అంటారు. ఇక్కడ అసలు ఎవరైనా ఫోల్డ్ చేస్తేగా (ముక్కలు పడేస్తేగా)! 15 పెడితే ముగ్గురు, 20 పెడితే ముగ్గురు, 25 పెట్టినా "సూటెడ్ (రెండూ ఒకే రంగు) కదా చూద్దాం" అని వచ్చేస్తారు.

నిన్నటి చెయ్యి చెప్తా. స్టాక్ (నా ముందున్న చిప్స్) 400. హైజాక్ (బటన్‌కి రెండు కుర్చీల ముందు) లింప్, అంటే రైజ్ చెయ్యకుండా 3 పెట్టాడు, కటాఫ్ (బటన్‌కి ఒక కుర్చీ ముందు) కూడా లింప్, నేను బటన్ మీద కళావర్ 9-8తో 20 చేశా. స్మాల్ బ్లైండ్ పోయాడు, మిగతా ముగ్గురూ కాల్ (అంతే పెట్టారు). పాట్ (మధ్యలో పోగైన డబ్బు) 81. ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) డైమన్ ఆసు, ఇస్పేట్ 7, ఆఠీన్ 2. అందరూ చెక్ (బెట్ పెట్టకుండా వదిలేశారు), నేను 45 పెట్టా, కటాఫ్ ఒక్కడే కాల్. టర్న్‌లో (నాలుగో ముక్క) 10 వచ్చింది, నాకు రెండు వైపులా స్ట్రెయిట్ డ్రా (వరుసగా ఐదు ముక్కలకి ఒక్కటే తక్కువ), 100 పెట్టా, మళ్ళీ కాల్. రివర్ (ఐదో ముక్క) రాజు. ఇద్దరం చెక్. వాడి దగ్గర ఆసు-5, వేరే వేరే రంగులు. దాంతో 20 కాల్ చేసి, ఆ తర్వాత ఇంకో 145 కాల్ చేశాడు.

ఇలాంటి టేబుల్‌లో పొజిషన్‌కి విలువ ఉందా, లేక ఇదంతా ఆన్‌లైన్ వాళ్ళ లెక్కేనా?

రివర్‌లో_మునిగా
ఆసు చూశాక ఫోల్డ్ చేసే మనిషి 1/3 టేబుల్‌లో నాకైతే ఇంతవరకు కనపడలేదు

లెక్కలమాస్టారు
ముందు స్టీల్ (రైజ్ చేసి బ్లైండ్స్ లాగడం) లెక్క చూద్దామండి, సగం గందరగోళం అక్కడే ఉంది. ఆన్‌లైన్‌లో 2.5 బిగ్ బ్లైండ్లు పెట్టి 1.5 బిగ్ బ్లైండ్ల కోసం చూస్తారు. అంటే 2.5ని 4తో భాగిస్తే 62.5 శాతం సార్లు ఇద్దరూ ఫోల్డ్ అయితే చాలు, మన ముక్కలు ఏవైనా నష్టం లేదు. మీ రూమ్‌లో 15 పెట్టి 4 డాలర్ల కోసం చూస్తున్నారు. 15 బై 19, అంటే 79 శాతం. ఫోల్డ్ చెయ్యని జనం మీద 79 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి లైవ్ 1/3లో బ్లైండ్స్ లాగడం మీద బతకడం కుదరదు, ఆ సలహా ఈ ఆటకి రాసింది కాదు.

ఇక ఫ్లాప్ సి-బెట్, అంటే ముందు రైజ్ చేసినవాడే ఫ్లాప్‌లో మళ్ళీ బెట్ పెట్టడం. 81 పాట్‌లో 45 పెట్టారు. 45 బై 126, అంటే ముగ్గురూ కలిసి 36 శాతం సార్లు ఫోల్డ్ అవ్వాలి. ముగ్గురూ ఒకేసారి అవ్వాలంటే ఒక్కొక్కడు దాదాపు 71 శాతం ఫోల్డ్ చెయ్యాలి. లింప్ చేసి 20 కాల్ చేసినవాళ్ళ దగ్గర ఏముంటాయి? చిన్న జతలు, బొమ్మలు, ఆసుతో ఏదో ఒకటి. ఆసు ఉన్న బోర్డు మీద ముగ్గురి మీద గాలి బెట్ వెయ్యడం ఇక్కడ కుదరదండి.

కళావర్_రాణి
మాస్టారి లెక్క కరెక్టే కానీ అసలు విషయం లెక్క తర్వాత మొదలవుతుంది. బటన్ డబ్బంతా ఫ్లాప్ తర్వాతే. ప్రీఫ్లాప్‌లో (ఫ్లాప్‌కి ముందు) బటన్ తర్వాత ఇంకా ఇద్దరు మాట్లాడతారు, ఫ్లాప్ నుంచి రివర్ దాకా మూడు రౌండ్లలో మాత్రం నువ్వే చివర. ఇడ్లీ, నీ చెయ్యే తీస్కో. ముగ్గురూ చెక్ చేసి నీ వైపు చూస్తున్నారు, నువ్వు కూడా చెక్ అంటే టర్న్ ముక్క ఉచితం. 10 పడింది, ఇప్పుడు నాలుగు 6లు, నాలుగు జాకీలు, మొత్తం ఎనిమిది ముక్కలు నీకు పనికొస్తాయి, రివర్‌లో తగిలే ఛాన్స్ 17 శాతం పైన. నీకు అక్కడ దాకా ఒక్క డాలర్ ఖర్చు లేదు. అదే పొజిషన్. చివర మాట్లాడేవాడికి ఉన్న పెద్ద హక్కు బెట్ పెట్టడం కాదు, పెట్టకుండా ఉండటం.

ఇర్వింగ్_ఇడ్లీ
@కళావర్_రాణి అక్కా ఇది అర్థమైంది. కానీ చెక్ చేస్తే బలహీనంగా కనపడతామని భయం, టర్న్‌లో వాడు బెట్ పెడితే?

కళావర్_రాణి
పెడితే పెట్టనీ. ఎంత పెట్టాడో చూసి అప్పుడు డిసైడ్ అవుతావు, నీకు ధర కనపడుతుంది. 81 పాట్‌లో వాడు 25 పెడితే ఆ డ్రాకి కాల్ చెయ్యొచ్చు, ఎందుకంటే తగిలాక ఆసు పట్టుకుని కూర్చున్నవాడు ఇంకో వంద ఇస్తాడు. 80 పెడితే వదిలెయ్. ఈ జనం ముందు బలంగా కనపడాల్సిన పనేం లేదు, వాళ్ళు నిన్ను చూడట్లేదు, వాళ్ళ రెండు ముక్కలే చూసుకుంటున్నారు.

పాతబస్తీ_పేక
అసలు 9-8తోని ఇద్దరు లింపర్ల మీద 20 చేసుడే నాకు నచ్చలే. గా టేబుల్ మీద ఎవడు ఫోల్డ్ చెయ్యడని నువ్వే అంటున్నవ్ కద. మరి రైజ్ ఎందుకు? వెనకాల లింప్ చెయ్, 3 డాలర్లకి ఫ్లాప్ చూడు, ఐదుగురు వస్తరు, స్ట్రెయిటో ఫ్లష్షో తగిలితే ఆసు గాళ్ళ దగ్గర మొత్తం గుంజుకో. రైజ్‌ని ఏస్-కింగ్‌కి, జతలకి, ఏస్-జాక్, కింగ్-క్వీన్ లాంటి వాటికి దాచుకో.

మాండవి_మామ
పేక గారితో నేను సగమే ఒప్పుకుంటా. నేను గోవాలో ఆడతాను, మాండవి నది మీద క్యాసినో బోట్లలో. అక్కడ కూడా లింపులే లింపులు. కానీ వెనకాల లింప్ చేస్తే పొజిషన్ ఉన్నా పాట్ చిన్నగా ఉంటుంది, ఐదుగురు ఉంటారు, 9-8తో జత తగిలినా అది గెలుస్తుందో లేదో తెలియదు. రైజ్ చేస్తే కనీసం బ్లైండ్స్ ఇద్దరూ పోతారు, లింప్ చేసిన బలహీనుడితో ఒంటరిగా మిగిలే ఛాన్స్ ఉంటుంది. ఎంతమంది లింప్ చేశారన్నది చూడాలి. ఒక్కడే అయితే, వాడు ఫ్లాప్‌లో ఫోల్డ్ చేసే రకమైతే, 9-8తో కూడా రైజ్ చేస్తా. ఇద్దరు ముగ్గురు అంటే పేక గారు చెప్పినట్టే.

పాతబస్తీ_పేక
@మాండవి_మామ గా "ఫోల్డ్ చేసే రకమైతే" అన్న మాటలోనే మొత్తం ఉంది మామా. ఇడ్లీ టేబుల్‌ల గా రకం లేడు

కొత్తముక్క
ఒక చిన్న డౌట్. స్మాల్ బ్లైండ్ కూడా చివర్లోనే కదా మాట్లాడేది, అది లేట్ పొజిషన్ కాదా? అలాగే ఇద్దరే మిగిలితే బటన్ ఎవరిది?

లెక్కలమాస్టారు
@కొత్తముక్క ప్రీఫ్లాప్‌లో మాత్రమే చివర్లోనండి, అదీ బిగ్ బ్లైండ్‌కి ముందు. ఫ్లాప్ పడ్డాక మొట్టమొదట నోరు తెరవాల్సింది స్మాల్ బ్లైండే, అందుకే అది టేబుల్ మొత్తంలో ఇబ్బందికరమైన కుర్చీ. లేట్ పొజిషన్ అంటే బటన్, దానికి కుడివైపు కటాఫ్. కొందరు హైజాక్‌ని కూడా కలుపుతారు. ఇద్దరే ఆడేటప్పుడు బటన్ ఉన్నవాడే స్మాల్ బ్లైండ్ పెడతాడు, ప్రీఫ్లాప్‌లో ముందు మాట్లాడతాడు, ఫ్లాప్ నుంచి చివర మాట్లాడతాడు.

ఇంకోటి, చేతుల రికార్డు దాచుకునే ఎవరినైనా అడగండి, ఎంత బాగా ఆడేవాళ్ళకైనా బ్లైండ్స్‌లో నష్టమే ఉంటుంది, ఎందుకంటే ముక్కలు చూడకముందే డబ్బు పెట్టాలి, ఫ్లాప్ తర్వాత ముందు మాట్లాడాలి. ఆ నష్టాన్ని బటన్, కటాఫ్ పూడ్చాలి. బ్లైండ్స్‌లో తక్కువ పోగొట్టుకోవడం కూడా పొజిషన్ పాఠంలో భాగమే.

రివర్‌లో_మునిగా
అందుకేనేమో మా బావ బిగ్ బ్లైండ్ వచ్చే టైమ్‌కి సరిగ్గా బాత్రూమ్‌కి వెళ్తాడు 😄

కళావర్_రాణి
@రివర్‌లో_మునిగా తిరిగొచ్చాక తప్పిన బ్లైండ్స్ కట్టిస్తారు, లేదా బిగ్ బ్లైండ్ మళ్ళీ తనకి వచ్చేదాకా ఆగమంటారు. ఆగితే పోయేది బటనే. బావకి చెప్పు

మాండవి_మామ
పొజిషన్ బలం మీద ఎవరికైనా అనుమానం ఉంటే ఆనెట్ ఓబ్రెస్టాడ్ గుర్తు తెచ్చుకోండి. నార్వే అమ్మాయి, 180 మంది ఉన్న ఆన్‌లైన్ టోర్నమెంట్‌ని తన ముక్కలు దాదాపు చూడకుండా, ఒక్క చేతిలో మాత్రమే చూసి గెలిచింది. ముక్కలు చూడకపోతే ఇంకేం చూసుంటుంది? ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు బలహీనంగా చెక్ చేస్తున్నారు. అదే 2007లో లండన్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ యూరప్ మెయిన్ ఈవెంట్ కూడా కొట్టింది, అప్పటికి 19 ఏళ్ళు కూడా నిండలేదు.

పాతబస్తీ_పేక
గది టోర్నమెంట్ మామా. అక్కడ బ్లైండ్స్ పెరుగుతుంటయ్, ఔట్ అయితమని భయపడి ఫోల్డ్ చేస్తరు. క్యాష్ గేమ్‌ల పోతే జేబుల కెళ్ళి ఇంకో మూడొందలు తీస్తరు. భయం లేని కాడ గా ఆట నడ్వదు.

మాండవి_మామ
అది నిజమే, ఒప్పుకుంటున్నా. ముక్కలు చూడకుండా క్యాష్ ఆడమని ఎవరికీ చెప్పను. కానీ సమాచారం ఎక్కువున్నవాడిదే పైచేయి అన్న సూత్రం రెండు చోట్లా ఒకటే.

లెక్కలమాస్టారు
నాకు బాగా పనికొచ్చే చోటు ఒకటి చెప్తానండి, రివర్‌లో సన్నటి వాల్యూ బెట్ (మనకంటే కొంచెం బలహీనమైన ముక్కల నుంచి కాల్ రాబట్టే బెట్). ఉదాహరణకి కటాఫ్ లింప్ చేశాడు, నేను బటన్ మీద ఆసు-జాకీతో 15 చేశాను, అతనొక్కడే కాల్. పాట్ 34. ఫ్లాప్ జాకీ-8-4, చెక్, నేను 20, కాల్. పాట్ 74. టర్న్ 9, చెక్, నేను కూడా చెక్. రివర్ 2, అతను మళ్ళీ చెక్. రెండుసార్లు చెక్ చేశాడంటే రెండు జతలు, స్ట్రెయిట్ లాంటివి చాలావరకు లేనట్టే, ఉంటే ఈపాటికి డబ్బు పెట్టేవాడు. నేను 45 పెడతాను, జాకీ-10 ఉన్నవాడు కాల్ చేస్తాడు. అదే చేతిలో నేను ముందు మాట్లాడాల్సి వస్తే ఏం చెయ్యాలి? బెట్ పెడితే రైజ్ వస్తుందేమోనని సందేహం, చెక్ చేస్తే అతనూ చెక్ చేసి చూపించేస్తాడు. రెండిట్లోనూ నాకు రావాల్సిన 45 సరిగా రాదు. అవే ముక్కలు, అదే బోర్డు, కుర్చీ మారింది అంతే.

కళావర్_రాణి
మాస్టారూ చెయ్యి బాగుంది కానీ టర్న్‌లో చెక్ ఎందుకండీ? 9 పడ్డాక జాకీ-10 గాడికి జతతో పాటు స్ట్రెయిట్ డ్రా కూడా వచ్చింది, అప్పుడే 50 పెడితే ఆనందంగా కాల్ చేసేవాడు. ఫోల్డ్ చెయ్యని టేబుల్‌లో టాప్ పెయిర్, టాప్ కిక్కర్‌తో (బోర్డు మీది పెద్ద ముక్కతో జత, పక్కన ఆసు) మూడు వీధుల్లోనూ (ఫ్లాప్, టర్న్, రివర్) డబ్బు తీసుకోవాలి. మీరు ఒక వీధి ఊరికే వదిలేశారు.

లెక్కలమాస్టారు
10-7, క్వీన్-10 లాంటివి భయపెట్టాయండి, వాటికి 9తో స్ట్రెయిట్ తగిలింది... కాదు కాదు, క్వీన్-10కి 8-9-10-జాకీ-క్వీన్, అవును తగిలింది. చెక్-రైజ్ (చెక్ చేసి, నేను బెట్ పెట్టాక రైజ్) వస్తే టాప్ పెయిర్‌తో 400 స్టాక్ పెట్టలేను. చెక్ చేస్తే పాట్ చేతిలో ఉంటుంది.

కళావర్_రాణి
1/3లో చెక్-రైజ్ వస్తే ఫోల్డ్ చెయ్యండి, ఈ జనం టర్న్‌లో చెక్-రైజ్ బ్లఫ్ చెయ్యరు. పెట్టిన 50తో ఆ సమాచారం కొనుక్కున్నట్టు. పది మందిలో ఎనిమిది మంది వీక్ జాకీతో, 8తో కాల్ చేసేవాళ్ళే. సాల్వర్ (సరైన ఆటని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) చెక్ ఇష్టపడొచ్చు, అది ఎదుటివాడు కూడా సాల్వర్‌లా ఆడతాడనుకుంటుంది కాబట్టి.

కొత్తముక్క
ఇద్దరూ కరెక్టేనా?

మాండవి_మామ
@కొత్తముక్క ఎదురుగా ఉన్నవాడు కాల్ చేసే రకమైతే రాణి గారు, ఒడుపుగా రైజ్ చేసే రకమైతే మాస్టారు. ఈ రెండూ వాడుకునే వీలు ఇచ్చింది మాత్రం బటనే, ముందు మాట్లాడేవాడికి చెక్ చేసినా ఉచిత ముక్క గ్యారంటీ లేదు.

పాతబస్తీ_పేక
కటాఫ్ గురించి ఎవ్వరు మాట్లాడ్తలేరు. నీ ఎడమ దిక్కు బటన్ మీద ఎవడున్నడో చూస్కోవాలె. కొందరు ముక్కలు రాంగనే చూసి, రెండు వేళ్ళ మధ్యల పట్టుకుని ఇసిరెయ్యనీకి రెడీగ కూసుంటరు, చిప్స్ మీద చెయ్యి ఉండదు, కళ్ళు ఫోన్‌ల ఉంటయ్. గా మనిషి బటన్ మీదుంటే ఆ చెయ్యి బటన్ నీదే అనుకో, కటాఫ్ కాడికెళ్ళి దర్జాగ రైజ్ చెయ్. అందుకే నీ వంతు వచ్చేదాక నీ ముక్కలు ఎత్తకు, ముందు ఎడమ దిక్కు చూడు. చిప్స్ లెక్కపెట్టుకుంటుంటే మాత్రం జర భద్రం.

ఇర్వింగ్_ఇడ్లీ
@పాతబస్తీ_పేక భయ్యా ఇది బంగారం. మా టేబుల్‌లో ఒక పెద్దాయన సరిగ్గా ఇలాగే, ఫోల్డ్ చెయ్యాలనుకుంటే ముక్కల్ని ముందే లైన్ దగ్గరికి తోసి పెట్టుకుంటాడు.

కళావర్_రాణి
ఆయన నీ ఎడమవైపు ఉండేలా కూర్చో మరి. సీటు ఎంచుకోవడం అంటే అదే. డబ్బు ఎక్కువ పెట్టి ఎక్కువ చేతులు ఆడేవాళ్ళు నీ కుడివైపు ఉండాలి, వాళ్ళు ముందు మాట్లాడాక నువ్వు మాట్లాడాలి. బిగబట్టి ఆడేవాళ్ళు ఎడమవైపు ఉంటే నీ బ్లైండ్-బటన్ పోరులో నిన్ను ఇబ్బంది పెట్టరు. బటన్ తొమ్మిది చేతులకోసారి వస్తుంది, మంచి సీటు ప్రతి చేతిలో పనిచేస్తుంది. ఖాళీ అయ్యే సీటు కావాలని డీలర్‌కి ముందే చెప్పి పెట్టుకో, మొహమాటం అక్కర్లేదు.

ఇర్వింగ్_ఇడ్లీ
ఇంకో అనుమానం. మా దగ్గర పాట్‌లోంచి రేక్ (రూమ్ తీసుకునే కోత) తియ్యరు, టెక్సాస్‌లో క్లబ్ మెంబర్‌షిప్, పైన గంట లెక్కన సీటు ఫీజు. దీనివల్ల బటన్ ఆట మారుతుందా?

కళావర్_రాణి
మారుతుంది, నీకు మంచిదే. మా కాలిఫోర్నియా బే ఏరియాలో పాట్ చిన్నదైనా డ్రాప్ (అదీ రేక్ లాంటి కోతే) తీస్తారు, 30 డాలర్ల పాట్ గెలిస్తే అందులో పెద్ద ముక్కే పోతుంది. అందుకే ఇక్కడ బటన్ మీద కూడా ఊరికే కాల్ చేసే చేతులు నేను బాగా తగ్గించా, ముందు నుంచి ఒకడు రైజ్ చేస్తే త్రీ-బెట్ (ఆ రైజ్ మీద మళ్ళీ రైజ్) లేదా ఫోల్డ్. చాలా చోట్ల ఫ్లాప్ పడకపోతే రేక్ ఉండదు, త్రీ-బెట్‌తో అక్కడే గెలిస్తే ఆ డబ్బు మొత్తం నీదే. నీకు గంటకి ఫీజు ఎలాగూ పోతోంది, చిన్న పాట్ గెలిచినా కోత లేదు. బటన్ మీద 7-6 సూటెడ్, చిన్న జతలతో రైజ్‌కి కాల్ చెయ్యడం నాకంటే నీకే ఎక్కువ గిట్టుబాటు.

లెక్కలమాస్టారు
అవునండి, పైగా గంట ఫీజు ఉన్న చోట అతిగా బిగబట్టి కూర్చోవడం కూడా నష్టమే, మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అలాగని ముందు కుర్చీల్లో చేతులు పెంచొద్దు, పెంచేది కటాఫ్, బటన్ మీదే. ఆరుగురి టేబుల్‌లో సాల్వర్లు మొదటి కుర్చీ నుంచి పదిహేను పద్దెనిమిది శాతం చేతులు తెరిస్తే బటన్ మీద నలభై పైన తెరుస్తాయి. ఆ తేడా నిష్పత్తి గుర్తుపెట్టుకోండి, అంకెలు మీ టేబుల్‌కి సరిపెట్టుకోండి.

కొత్తముక్క
నేను వరంగల్. ఇవన్నీ ఎక్కడ ప్రాక్టీస్ చెయ్యాలి? ఆన్‌లైన్‌లో వీపీఎన్ పెట్టి చిన్న స్టేక్స్ ఆడొచ్చు అంటున్నాడు ఫ్రెండ్

పాతబస్తీ_పేక
అస్సలు వద్దు తమ్మీ. తెలంగాణల 2017 నుంచే డబ్బుతోని ఆన్‌లైన్ ఆట బంద్, ఆంధ్రల 2020ల చేసిండ్రు, 2025 ఆగస్టుల కేంద్రం చట్టం తెచ్చినంక దేశం మొత్తం గంతే. నేను ఒకప్పుడు ఆన్‌లైన్‌లనే ఆడేటోణ్ణి, చట్టం రాంగనే బంద్ చేసిన. వీపీఎన్‌తోని ఆడితే గెల్చిన పైసలు చేతికొస్తయన్న నమ్మకం లేదు, కేసు ఒకటి. ఉత్త చిప్స్‌తోని ఆడే ఆప్‌లు ఉన్నయ్, ఇంట్ల నలుగురు దోస్తులతోని పైసలు లేకుండ ఆడు, చేతులు నోట్‌బుక్‌ల రాస్కో. పొజిషన్ నేర్వనీకి పైసలు అక్కర్లేదు.

మాండవి_మామ
పేక గారి మాటే నాదీ. ఇంకో పద్ధతి ఉంది కొత్తముక్కా, ఉత్త చిప్స్‌తో ఆడేటప్పుడు ఒక సాయంత్రం మొత్తం కటాఫ్, బటన్ మీద మాత్రమే ఆడు, మిగతా కుర్చీల్లో పెద్ద జతలు, ఏస్-కింగ్ తప్ప ఏవీ ముట్టుకోకు. ఖాళీగా ఉన్నప్పుడు ఎవరు ఏ కుర్చీలోంచి ఏ ముక్కలు చూపిస్తున్నారో గమనించు. ముందు కుర్చీల్లో చెత్తతో ఇరుక్కున్నవాళ్ళు ఎలా నలిగిపోతారో కళ్ళకి కనపడుతుంది.

రివర్‌లో_మునిగా
బటన్ స్ట్రాడిల్ సంగతి కూడా తేల్చండి, మా రూమ్‌లో ప్రతివాడూ 6 పెట్టి స్ట్రాడిల్ అంటున్నాడు, చివర మాట్లాడొచ్చని

లెక్కలమాస్టారు
ముక్కలు చూడకుండా 6 పెట్టి ప్రీఫ్లాప్‌లో కూడా చివరి మాట కొనుక్కుంటున్నారు. ఫ్లాప్ తర్వాత చివరి మాట బటన్‌కి ముందే ఉంది, అది ఉచితం. కొత్తగా వచ్చింది ప్రీఫ్లాప్ ఒక్కటే. పైగా 400 స్టాక్ 3 డాలర్ల బ్లైండ్‌కి 133 రెట్లు ఉండేది, 6కి 67 రెట్లే అయింది. స్టాక్ ఎంత లోతుగా ఉంటే పొజిషన్ అంత పని చేస్తుంది, స్ట్రాడిల్ ఆ లోతునే సగం చేస్తోంది. 

కళావర్_రాణి
నేను మాత్రం కొన్నిసార్లు వేస్తా మాస్టారూ, అందరి దగ్గరా వెయ్యి పైన ఉండి, బ్లైండ్స్‌లో ఉన్నవాళ్ళు స్ట్రాడిల్‌ని చూసి గాభరాపడి అనవసరంగా కాల్ చేసే రకమైతే. పొట్టి స్టాకులున్న టేబుల్‌లో మాత్రం వెయ్యను. 

ఇర్వింగ్_ఇడ్లీ
మా టేబుల్‌లో సగం మంది 150తో కూర్చుంటారు. మరి వాళ్ళ మీద 7-6, 9-8 లాంటివి బటన్ మీద కూడా ఆడకూడదా?

కళావర్_రాణి
రైజ్‌కి కాల్ చేసి ఆడొద్దు. 15 పెట్టి కాల్ చేస్తే వాడి దగ్గర మిగిలేది 135, నీకు స్ట్రెయిటో ఫ్లష్షో తగిలేది అరుదు, తగిలినప్పుడు వచ్చే 135తో మిగతా సార్లు పోయింది పూడదు. వాళ్ళ మీద పెద్ద ముక్కలు పనిచేస్తాయి, ఏస్-టెన్, కింగ్-జాక్ లాంటివి, వాళ్ళు లింప్ చేస్తే బటన్ మీద 20 చేసి టాప్ పెయిర్ తగిలితే మొత్తం పెట్టించు. 9-8ని 400, 600 ఉన్నవాడి కోసం ఉంచుకో, వాడు నీ కుడివైపు ఉన్నప్పుడు.